వలయు, ఉచ్చును – నక్కల వేట సాధనముల కథ

తమిళనాట గాని, కన్నడసీమలో గాని తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల పెద్దల నడిగినచో, వీథి వెంట పూసలును, సూదులును అమ్ముకొనుచు వచ్చు ఒక సంచారజాతిని గూర్చి తప్పక చెప్పుదురు. స్త్రీల మెడనిండ రంగురంగుల పూసల పేరులు, చంకలో పసిబిడ్డ. పురుషుని భుజమున నొక సంచి, వెనుక నొక కుక్క. తిరునాళ్ళలోను, రైలు స్టేషనుల వెలుపలను నేటికిని వారు కానవత్తురు. తమిళులు వారిని నరికురవరులనియు, కురువికారులనియు నందురు. మన యిండ్లలో మాత్రము వారు నక్కలవారు.

నక్కలను పట్టువారు గనుక నక్కలవారైరని మనకందరకును తెలియును. కాని ఆ నక్కను వారు దేనితో పట్టిరి? వలతోనా, ఉచ్చుతోనా, బోనుతోనా? ఆ సాధనమునే ఏల ఎన్నుకొనిరి? ఈ ప్రశ్న నడిగినవారు మనలో అరుదు. ఇది అల్పవిషయముగ తోచవచ్చును. ఐనను ఒక జాతి తన చరిత్రను తాను వ్రాసికొననప్పుడు దానిని వారి పనిముట్లలో వెదకుట యొక మార్గము. కుమ్మరి చరిత్ర కొంత సారెలోను, సాలెవాని చరిత్ర కొంత మగ్గములోను ఉన్నట్లే, వేటగాని చరిత్ర అతని వలలో నుండును. ఆ వల పోగు పట్టుకొని కొంత దూరము వెళ్ళి చూతము.

మొదట పేరులను పరిశీలింతము. వారు తమ్ము తాము నక్కలవారని చెప్పుకొనరు, వాగ్రీలని చెప్పుకొందురు. సంస్కృతమున 'వాగుర' యనగా మృగములను పట్టు వల. 'వాగురికుడు' అనగా ఆ వలతో వేటాడువాడు. ఈ మాటలు మన తెలుగు నిఘంటువులకును పరిచితములే. వాగ్రీ శబ్దము ఈ వాగుర నుండియే పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయము. గుజరాతు దేశమున వాఘ్రీలను పేరుగల జాతి నేటికిని గలదు. మన ప్రాంతములందలి వాగ్రీల భాష ద్రావిడభాష కాదు. గుజరాతీ, రాజస్థానీలకు దాయాది యగు ఆర్యభాష. దీనినిబట్టి వారి పూర్వులు పడమటి దేశముల నుండి దక్షిణమునకు తరలివచ్చినవారని తెలియుచున్నది.

మహారాష్ట్రమున నున్న మనవారెరిగిన ఫాసే పారధీల పేరు కూడ ఇట్టిదే. 'ఫాసే' యనగా పాశము, అనగా ఉచ్చు. 'పారధి' యనగా వేటగాడు. కన్నడదేశమున వాగ్రీభాషనే మాటలాడు వారికి హక్కిపిక్కి యని పేరు. 'హక్కి' యనగా పిట్ట. ఇందొక విశేషమున్నది. పొరుగువారమగు మనము చచ్చిన జంతువును జూచి వారికి నక్కల యని పేరు పెట్టితిమి. వారు తమ చేతిలోని సాధనమును జూచి వాగ్రీలనుకొనిరి. మన పేరున కంటె వారి పేరుననే చరిత్ర అధికముగ నున్నది.

వేటసాధనములను గూర్చి మన దేశమున వ్రాతలు లేకపోలేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి యగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మృగయావినోదమను భాగము కలదు. ఆ కల్యాణియే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. ఐతే అది రాజుగారి వినోదమును గూర్చిన వ్రాత. రాజునకు వేట వినోదము, వాగురికునకు కూడు. వినోదమును వర్ణించుటకు రాజే కలము పట్టెను. కూటి కొరకు వల అల్లినవాని కథ వ్రాతలోనికి వచ్చుటకు మరి ఏడు వందల యేండ్లకు పైగా పట్టినది.

1909లో మద్రాసు మ్యూజియము అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి గారి తోడ్పాటుతో దక్షిణ భారత కులములను, తెగలను గూర్చిన గ్రంథమును ఏడు సంపుటములలో ప్రకటించెను. అందలి నాలుగవ సంపుటమున కురువికారుల ప్రకరణ మున్నది. తెలుగువారు వీరిని నక్కలవాండ్లందురని అందే చెప్పబడినది. అందలి వర్ణనమును బట్టి చూడగా నక్కల వేటకు వారి సాధనములు మూడే: వల, కఱ్ఱ, కంఠము. వలతో నొక ఆవరణము నేర్పరచి, పెద్ద దుడ్డుకఱ్ఱ చేతబట్టి ఒకడు దాని లోపల కూర్చుండును. పిమ్మట నక్క ఊళను అచ్చముగ అనుకరించి కూయును. సంగతి యేమో చూతమని నక్కలు పరుగున వచ్చును. వచ్చినవానిని కఱ్ఱతో కొట్టి పడవేయుదురు. లోవెంతాల్ అను క్రైస్తవ మతబోధకుడు ఒక కురువికారుని చేత ఆ కూత కూయించి వినెను. ఏ నక్కయు దానిని శంకింపజాలనంత నిర్దుష్టముగ ఆ కూత యుండెనని అందు వ్రాసిరి.

ఈ మూడింటిలో ప్రధానమైనది కంఠమని మా యభిప్రాయము. నక్క జంటగా బ్రతుకు జంతువు. ఆడుమగలు కలిసి కొంత మేరను తమదిగ నేర్పరచుకొని కాపాడుకొనును. సంధ్యవేళ ఒక నక్క కూసినచో చుట్టుపట్ల నున్నవి బదులు కూయుట పల్లె నెరిగిన వారందరును విన్నదే. ఎరగా పెట్టిన మాంసమునకు అది వచ్చునో రాదో చెప్పలేము. మనిషి వాసన సోకినచో వెనుదిరుగును. తన మేరలో పరాయి కూత వినబడినచో మాత్రము అది యెవరిదో తెలిసికొనక ఊరకుండదు. ఈ స్వభావము నెరిగినవాడు గనుక వాగ్రీ ఎరకంటె కూతను నమ్ముకొనెను. ఆ కూతను తండ్రి నోట విని కొడుకు నేర్వవలసినదే కాని సంతలో కొనగలిగినది కాదు.

వలను ఎన్నుకొనుటకు మరి రెండు కారణములు తోచుచున్నవి. మొదటిది సంచారజీవనము. వారు గుడిసెలను, వంటసామానులను ఎద్దుల వీపుపై వేసికొని ఊరూర తిరిగిరని థర్‌స్టన్ గ్రంథము చెప్పుచున్నది. అట్టివారికి ఇనుప బోను మోయరాని బరువు. వల మడచినచో ఒక మూలకు ఇముడును. చిరిగినచోట తామే మరల అల్లుకొనవచ్చును. కమ్మరి కొలిమితో పనిలేదు.

రెండవది ఇంకను ముఖ్యము. వల పన్నినవాడు వల వద్దనే యుండవలెను. నక్క తిరుగు చోటు అడవి నడుమ మాత్రమే కాదు. ఊరి పొలిమేర, చెఱకుతోట, వేరుసెనగ చేను, చెరువుగట్టు. అచ్చట ఊరి కుక్కలు తిరుగును, మేకపిల్లలు దారితప్పి వచ్చును, రాత్రివేళ నీరు కట్టుటకు రైతు వచ్చును. మనిషి కాచుకొనియున్న వలలో మేకపిల్ల పడినచో విడిచిపెట్టవచ్చును. ఎవరును లేని చోట బిగిసిన ఉచ్చు దేనిని విడుచును? ఊరివారి దయపై గుడిసె వేసికొను జాతికి ఊరివారి మేకపిల్ల చచ్చుట యెంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. వీరిలో కొందరు పొలములకును, తోటలకును కావలి యుండి జీవించిరని కూడ అదే గ్రంథమున నున్నది. కావలివానిగ తన్ను నమ్మిన రైతు పొలములో, చూడక చంపు సాధనమును వాడుట కంటె చూచి కొట్టు సాధనమును వాడుటయే వానికి క్షేమము. ఇది మా యూహయే యైనను సాధనముల తీరు దీనికి అనుకూలముగ నున్నది.

అట్లని వేటజాతులు ఉచ్చును త్రోసిపుచ్చలేదు. జంతువును బట్టి సాధనము మారెను. పూరేడు, కౌజు వంటి నేలపిట్టల కొరకు గుఱ్ఱపు వెండ్రుకలతో పేనిన సన్నని ఉచ్చులను వరుసగా నిలుపుట మన దేశమున పలుచోట్ల వాడుకలో నుండెను. ఆ వెండ్రుక గడ్డిలో కంటి కానదు, సన్ననిదైనను గట్టిది. ఫాసే పారధీలు జింకల కొరకు పొడుగు త్రాటికి వరుసగా ఉచ్చులు కట్టి, మేకులతో నేలకు బిగించి, మందను తొందరపెట్టక మెల్లగ ఆ వైపునకు తోలెడివారు. అచ్చటను వేటగాడు దూరమున నిలిచి కనిపెట్టియే యుండును. వల యైనను, ఉచ్చైనను మనిషి చూపు దానితో పాటు నుండుట ఈ పాత పద్ధతుల లక్షణము.

ఆ చూపు లేని సాధనము ఏమి చేయునో తెలియుటకు మన నక్క దాయాది యగు ఒక జంతువు కథను చూడవలెను. ఉత్తర అమెరికాలో కయోటీ యను జంతువు కలదు. మన నక్కయు, తోడేలును, కయోటీయు ఒకే ప్రజాతికి చెందినవి. కయోటీ యను మాట మెక్సికో ఆదివాసుల నహువాట్లు భాష నుండి వచ్చినది. 1823లో థామస్ సే అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామ మొసగెను. అదియు సంధ్యవేళ కూయును, అదియు మనుష్యుల పొలిమేరలలో బ్రతుక నేర్చును, గొఱ్ఱెపిల్లలను తినును.

గొఱ్ఱెల మందలు అమెరికా పడమటి సీమలకు వ్యాపించిన పిమ్మట దానిపై యుద్ధము సాగినది. న్యూయార్కు రాష్ట్రమున స్యూయెల్ న్యూహౌస్ రూపొందించిన, కాలిని కఱచిపట్టు ఉక్కుదవడల బోనులు ఒనైడా సమాజము వారి కర్మాగారము నుండి 19వ శతాబ్దిలో ఆ దేశమంతట వ్యాపించినవి. 1915 నుండి ఫెడరల్ ప్రభుత్వమే జీతమిచ్చి వేటగాండ్రను నియమించెను. విషముల వాడుకయు పెరిగెను. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఫెడరల్ భూములలో అట్టి విషప్రయోగమును ఆపుటకు ఉత్తరువు నిచ్చెను. 1982లో ఆ ఉత్తరువు రద్దయ్యెను. ఇంత చేసినను కయోటీ అంతరింపలేదు. ఒకప్పుడు ప్రధానముగ పడమటి మైదానముల నుండినది, తోడేళ్ళు నశించుట వలనను, అడవులు పొలములగుట వలనను నేడు అట్లాంటిక్ తీరము వరకు నిండియున్నది.

అచ్చటి వేటగాండ్రు నేడు ఉచ్చు నెన్నుకొను పద్ధతి గమనింపదగినది. సన్నని ఉక్కుపోగులను పేనిన తీగత్రాడు తీసికొందురు. దాని మందము సాధారణముగ అంగుళములో పదవ వంతునకు లోపు. ఉచ్చు వెడల్పు 10 నుండి 12 అంగుళములు. త్రాడు ఒక వైపునకే జారునట్లు ఒక బిళ్ళ. జంతువు గింజుకొన్నప్పుడు త్రాడు మెలిపడి తెగకుండ తిరుగుడు కడియము. ఇంతవరకు జంతువును పట్టుటకు. దీనిపై మరి రెండు చేర్పులు విడుచుటకు. మొదటిది, లేడి కాలు పడినచో ఉచ్చు పూర్తిగ బిగియకుండ త్రాటిపై నుంచు అడ్డుగుండు. రెండవది, లేడి గాని పశువు గాని బలముగ లాగినచో సాగి ఊడిపోవు కొక్కెము. అనేక రాష్ట్రముల చట్టములు ఇట్టి చేర్పులను విధించుటయే కాక, ఇన్ని గంటల కొకమారు ఉచ్చులను వెళ్ళి చూడవలెనని కూడ శాసించుచున్నవి. తీగకు కన్నులు లేవు గనుక ఈ యేర్పాటు. వల యొద్ద కూర్చున్న వాగ్రీ రెండు కన్నులు చేసిన పనిని అచ్చట గుండును, కొక్కెమును, చట్టమును కలిసి కొంతవరకు చేయుచున్నవి.

ఇక మన చుట్టుపట్ల నేటి స్థితి చూతము. మన దేశమున 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991లో చేసిన సవరణతో వన్యమృగముల వేట దాదాపు పూర్తిగ నిషిద్ధమైనది. నేడు నక్క రక్షిత జంతువు. వాగ్రీల వల మూలబడినది. కాని పొలిమేరలలో ఉచ్చు మాత్రము పోలేదు. కర్ణాటకమున తోటల అంచులలోను, తమిళనాట కొండదిగువ చేలలోను అడవిపందుల కొరకు రహస్యముగ తీగ ఉచ్చులను ఒడ్డుచున్నారు. మోటారు సైకిలు క్లచ్చి తీగయో, కంచె తీగయో వానికి చాలును. పంది కొరకు ఒడ్డిన దానిలో చిరుతపులి చిక్కును, ఎలుగుబంటి చిక్కును, పెంపుడు కుక్క చిక్కును. కర్ణాటకమున చిరుతపులులు ఇట్లు చిక్కి చచ్చిన వార్తలు పత్రికలలో మాటిమాటికి వచ్చుచున్నవి. ఆ ఉచ్చునకు అడ్డుగుండు లేదు, ఊడు కొక్కెము లేదు, కావలి లేదు.

వేటను మరల అనుమతింపవలెనని మేము కోరుట లేదు. అడవులు తరిగి, మృగములు కొరవడిన కాలమున ఆ చట్టము అవసరమైనదే. జంతువు నెరిగినవాని సాధనము పోయిన చోట జంతువు నెరుగనివాని సాధనము వచ్చి కూర్చున్నదని మాత్రమే చెప్పదలచితిమి. ఆ మొదటివాని యెరుక నేటికిని మిగిలియున్నది. దానిని నక్కను చంపుటకు కాక, నక్కను కాచుటకు, దాని సంఖ్యను లెక్కించుటకు వినియోగింప వచ్చును గదా!

ఇచ్చట మన యింటి లెక్క కూడ ఒకటి చూచుకొనవలసి యున్నది. నక్క ఎవరి కొరకు చచ్చెను? మాంసమును వారు తినిరి. తోలుతో సంచులు చేసిరి. మరి 'నక్క కొమ్ము'ను కొన్నవారెవరు? నక్కకు కొమ్ము లేదు. అది చేయబడిన వస్తువు. పుఱ్ఱె వెనుక భాగపు ఎముకను ఒక మొన మిగులునట్లు ఆకురాతితో అరగదీసి, తోలును మరల దానిపై అంటించు విధమును థర్‌స్టన్ గ్రంథము వివరించినది. సింహళ ద్వీపమునందలి ఇట్టి నమ్మకమునే జేమ్స్ ఎమర్సన్ టెనెంట్ 1861లో వర్ణించెను. కొమ్మున్నవాడు వ్యాజ్యములు గెలుచునని, వాని నగలు దొంగల పాలు కావని జనులు నమ్మిరట. అదృష్టవంతుని జూచి నక్కతోక త్రొక్కి వచ్చితివా యని మన తెలుగువారు అడుగుటయు ఆ తోవలోనిదే. కొమ్మును డబ్బుపెట్టెలో దాచుకొన్నవారు వాగ్రీలు కారు. వర్తకులును, వ్యాజ్యగాండ్రును, మనవంటి గృహస్థులును. నేడు దాని నమ్ముటయు, కొనుటయు నేరమే. ఐనను నేరస్థుడనగా అమ్మినవాడే మన కన్నులకు ముందుగ కనబడును. కొన్నవాని పేరు మనము తలపము.

వేట పోయిన పిమ్మట వారికి పూసలును, సూదులును, చిల్లర వస్తువులును మిగిలినవి. హక్కిపిక్కివారిలో కొందరు మూలికలు, తైలములు అమ్ముటకు ఆఫ్రికా ఖండము వరకును వెళ్ళిరి. 2023 ఏప్రిలులో సూడాను దేశమున యుద్ధము చెలరేగినప్పుడు అచ్చట చిక్కుకొన్నవారిని భారత ప్రభుత్వము తీసికొని వచ్చినది. తమిళనాటి నరికురవరులను షెడ్యూల్డు తెగలలో చేర్చవలెనని 1965లోనే లోకూరు కమిటీ సిఫారసు చేసెను. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 'నక్కల, కురువికరన్' అను పేరుతో వారు 2003లో చేరిరి. తమిళనాట మాత్రము 2022 డిసెంబరున పార్లమెంటు ఆమోదించిన సవరణ 2023 జనవరిలో చట్టమైన పిమ్మటనే చేరిరి. సిఫారసునకును చట్టమునకును నడుమ 57 ఏండ్లు గడచినవి. ఒకే భాష మాటలాడు జాతికి సరిహద్దు రేఖ కావల ఒక హక్కు, ఈవల మరొక హక్కు! భాషారాష్ట్రములు ఏర్పడిన పిమ్మట రేఖ కీవల మిగిలిన మన కుటుంబములకు ఈ యిబ్బంది వివరింప నక్కరలేదు.

భాష విషయమునను వారి కథ మనకు దగ్గరిదే. వాగ్రీభాషకు సొంత లిపి లేదు. 1970లో అణ్ణామలై విశ్వవిద్యాలయము వారు జి. శ్రీనివాసవర్మ గారు వాగ్రీబోలిని గూర్చి రచించిన గ్రంథమును ప్రకటించిరి. ఐనను పండితులు రాక పూర్వమే, ఏ బడియు లేకయే, బజారున తమిళమో తెలుగో కన్నడమో మాటలాడుచు, గుడారమున తమ మాటను తరతరములు నిలుపుకొనిరి. లిపియు, సాహిత్యమును, సంఘములును గల మనము మన బిడ్డల నోట తెలుగు జారిపోవుచున్నదని దిగులుపడుచున్నాము. వారికి ఏ సాధనమును లేకయే భాష నిలిచినది. ఇంట తల్లి దానిని మానక పలుకుటయే అందులకు ఆధారము.

ఐతే ఒక పనిముట్టు వాడుక తప్పినచో దానితో కూడిన మాటలును తప్పును. వల కన్నునకు వారేమందురు? ముడులలో ఎన్ని రకములు? ఆడునక్క కూతకును మగనక్క కూతకును వేర్వేరు పేరులు కలవా? వల అల్లిన తరమువారు వృద్ధులైరి. వారితో ఈ మాటలును పోయినచో, నక్కలవారనెడి మన మాటయొక్కటే మిగులును. వాగ్రీ యను వారి మాటకు అర్థము చెప్పువారుండరు.

కావున సంఘ సభ్యులకు మా విన్నప మొకటి. తిరుచిరాపల్లి సమీపమున దేవరాయనేరి వంటి వారి నివాసములు మన వారుండు ఊళ్ళకు దూరము కావు. ఈ మారు పూసలమ్ము స్త్రీ మన గుమ్మము ముందు నిలిచినప్పుడు బేరముతో ముగింపక, "మీ యింట పెద్దలు వల అల్లిరా అమ్మా? దానిని మీ భాషలో ఏమందురు?" అని మర్యాదతో అడుగుదము. చెప్పిన మాటను, చెప్పినవారి సమ్మతితో, తెలుగు లిపిలోనే వ్రాసి యుంచుదము. పది యిండ్లవారు పది మాటలు కూర్చినను తరువాతి సంచికకు ఒక పుట నిండును. నక్కలవారని మనము పెట్టిన పేరునకు బదులుగ, వాగ్రీలను వారి పేరుతోనే ఆ పుట మొదలగుగాక.